ఆరోగ్య కేంద్రం సహాయ నిధి: జమా ఖర్చుల వివరణ

దాతలకు, పట్టణ ప్రజలకు నమస్కారం. పద్దులవారీ అంకెలు ఆడిటరు సంతకంతో కేంద్రం నోటీసు బోర్డులో ఉన్నాయి. అవి చూసినవారు అడుగుతున్నవాటికి కమిటీ జవాబు ఇది.

నిల్వ బాగానే ఉంది కదా, మళ్లీ చందాలెందుకని కొందరి అనుమానం. ఆ నిల్వలో ఎక్కువ భాగం ప్రసూతి గదికే వాడాలని దాతలు రాసిచ్చిన సొమ్ము. వాళ్లు ఒప్పుకోనిదే అందులోంచి కరెంటు బిల్లు కట్టలేం. అవసరాన్నిబట్టి వాడుకోమన్న ఖాతా దాదాపు ఖాళీ. గదికి ఇచ్చేవాళ్లు దొరుకుతారు, బల్బుకూ బ్లీచింగుకూ దొరకరు. వస్తురూపంలో వచ్చిన మంచాలు, చక్రాల కుర్చీలు వేరే రిజిస్టరులో రాశాం.

ఖర్చులో పెద్ద పద్దు టీకాల ఫ్రిజ్‌ది. ఇంట్లో వాడే రకం చవగ్గా వచ్చేదన్న మాట నిజమే. కానీ టీకాలు 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్యే ఉండాలి. వేడికి పాడవుతాయని అందరికీ తెలుసు. హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలైతే గడ్డకట్టినా పనికిరావు. ఇంటి ఫ్రిజ్‌లో చల్లదనం అన్నిచోట్లా ఒకేలా ఉండదు, పాడైన సీసాని చూసి పోల్చుకోవడమూ కష్టం. మేం కొన్నది కరెంటు పోయినా గంటల తరబడి చల్లదనం నిలిపే రకం. ఉష్ణోగ్రత నమోదు చేసే పరికరం ఖర్చూ ఆ పద్దులోనే ఉంది.

స్కానింగ్ యంత్రం కొనలేదు. అది చూసి రిపోర్టు రాసే డాక్టరు, అనుమతులు, ఏటేటా మెయింటెనెన్సు లేకుండా కొంటే గుడ్డ కప్పి ఉంచడమే. ఈ తీర్మానం ఏకగ్రీవం కాదు. ఒప్పుకోని సభ్యుల మాటలూ మినిట్స్‌లో ఉన్నాయి.

చెత్తకు ఇంత ఖర్చా అన్నారు. వాడిన సూదులు గుచ్చుకోని గట్టి డబ్బాల్లోకి పోవాలి. రోగక్రిములున్న కొన్ని రకాల వ్యర్థాల్ని 121 డిగ్రీల ఆవిరిలో శుద్ధి చేయాలి. పెరట్లో తగలబెడితే ఖర్చుండదు, ప్లాస్టిక్ పొగ మాత్రం వార్డులోకే వస్తుంది. ఈ పద్దు తగ్గించే ఉద్దేశం మాకు లేదు.

స్టేషనరీ, రవాణా చిన్న మొత్తాలే. ప్రారంభోత్సవానికి నిధిలోంచి పైసా తీయలేదు. ఆక్సిజన్ సిలిండర్ల బిల్లు ఒకటి బకాయి ఉంది, వచ్చే ఖాతాలో చూపిస్తాం.

రసీదులు, వోచర్లు పనివేళల్లో ఎవరైనా చూడొచ్చు. మందులకు సాయం పొందినవారి వోచర్ల మీద మాత్రం నంబర్లే ఉంటాయి; పేర్లు అడగవద్దని మనవి.