మందు కణాల తయారీలో కలపడమూ ఒక శాస్త్రమే

సంపాదకుల వారికి నమస్కారం.

నానో మందుల (అతి సూక్ష్మ కణాల్లో పొదిగిన మందుల) గురించి ఈమధ్య పత్రికల్లో వస్తున్న వ్యాసాలు ఆ కణాల్లో ఏయే పదార్థాలు ఉంటాయో చక్కగా వివరిస్తున్నాయి గానీ, వాటిని ఎలా కలుపుతారన్నది చెప్పడం లేదు. హైదరాబాద్‌లో ఫార్మసీ పాఠాలు చెప్పే నాకు ఇది మన చదువుల్లోనే ఉన్న లోటుగా కనిపిస్తోంది.

2018లో అమెరికాలో అనుమతి పొందిన పాటిసిరాన్ అనే ఆర్‌ఎన్‌ఏ మందు గానీ, 2020 చివర్లో వచ్చిన ఫైజర్, మోడెర్నా కోవిడ్ టీకాలు గానీ కొవ్వు నానో కణాల్లో పొదిగినవే. వీటి తయారీలో కొవ్వులను ఇథనాల్‌లో కరిగిస్తారు. ఆర్‌ఎన్‌ఏను పీహెచ్ 4 దగ్గర ఉండే ఆమ్ల ద్రావణంలో ఉంచుతారు. సాధారణంగా ఒక పాలు ఇథనాల్‌కు మూడు పాళ్ల ఆమ్ల ద్రావణం చొప్పున రెండింటినీ కలుపుతారు. ఆమ్లంలో ధనావేశం పొందిన కొవ్వు అణువు రుణావేశం గల ఆర్‌ఎన్‌ఏను పట్టుకుంటుంది. ఇథనాల్ పలచబడేకొద్దీ కొవ్వులు కరిగి ఉండలేక ఒకచోట చేరి కణాలవుతాయి. ఇదంతా మిల్లీసెకన్లలోనే మొదలవుతుంది. ఆలోపే ద్రవాలు పూర్తిగా కలిస్తే కణాలు అన్నిచోట్లా ఒకేసారి పుట్టి, 100 నానోమీటర్లలోపు (నానోమీటరు అంటే మీటరులో వందకోట్ల వంతు), ఇంచుమించు ఒకే పరిమాణంలో నిలుస్తాయి. కలయిక ఆలస్యమైతే, సగం కలిసిన చోట ఏర్పడిన ముక్కలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి పెద్దవవుతాయి. అదే కొవ్వు, అదే ఆర్‌ఎన్‌ఏ, అవే పాళ్లు. కలిసే వేగం ఒక్కటి మారినా మందు మారిపోతుంది.

అయితే వేగంగా కలపడం అనుకున్నంత తేలిక కాదు. 200 మైక్రాన్ల (0.2 మిల్లీమీటర్ల) వెడల్పున్న సన్నని మిక్సర్ కాలువలో నీరు సెకనుకు 10 సెంటీమీటర్ల వేగంతో పారినా రేనాల్డ్స్ సంఖ్య (ద్రవపు జిగటతో పోలిస్తే ప్రవాహపు జోరు ఎంతో చెప్పే సంఖ్య) 20 దగ్గరే ఉంటుంది. గొట్టంలో ప్రవాహం అల్లకల్లోలం కావాలంటే అది సుమారు 2000 దాటాలి. ఒక పక్క నుంచి ఎర్ర రంగు నీటిని, మరో పక్క నుంచి నీలం రంగు నీటిని పంపి సూక్ష్మదర్శినిలో చూస్తే, నడిమధ్య గీత గీసినట్టు రెండూ పక్కపక్కనే సాగిపోతాయి. కాలువ చివర కూడా ఆ గీత అంచు కాస్త మసకబారుతుందే తప్ప చెరిగిపోదు. అక్కడ వ్యాపనమే, అంటే అణువులు వాటంతట అవే మెల్లగా ఒకదానిలోకి ఒకటి పాకడమే దిక్కు. ఇథనాల్ లాంటి చిన్న అణువు ఆ వెడల్పు దాటడానికి సుమారు 40 సెకన్లు పడుతుంది. కానీ వ్యాపన కాలం దూరపు వర్గాన్ని అనుసరించి మారుతుంది కనుక, ద్రవపు పొరలను 2 మైక్రాన్ల మందానికి తేగలిగితే అదే పని 4 మిల్లీసెకన్లలో ముగుస్తుంది.

అంత పలుచని పొరలు తెచ్చే మార్గాన్ని 2002లో హార్వర్డ్ పరిశోధకులు చూపించారు. కాలువ అడుగున చేపముల్లు ఆకారంలో ఏటవాలుగా గాట్లు చెక్కితే, ద్రవం ముందుకు పోతూనే వాటి వెంట పక్కకు మళ్లి మెలితిరుగుతుంది. కొంత దూరానికొకసారి గాట్ల కొన ఒక పక్క నుంచి మరో పక్కకు జరగడంతో ఆ మెలికల తీరూ మారుతుంది. మడత కాజా పిండిని ఒత్తి, మడిచి, మళ్లీ ఒత్తినట్టు ద్రవం సాగి, మడతపడి, అంతకంతకూ పలుచని పొరలవుతుంది. ప్రవాహం అల్లకల్లోలం కాకుండానే ద్రవాలను ఇలా కలియబెట్టవచ్చని 1984లోనే హసన్ అరెఫ్ అనే శాస్త్రవేత్త సిద్ధాంతపరంగా నిరూపించారు. ఈ పరిశోధన ఎంత విలువైనదో మన విద్యార్థులకు తెలియాలి.

మన కళాశాలల్లో ఇప్పటికీ ఎక్కువగా జరుగుతున్నది వేరు. మాగ్నెటిక్ స్టిర్రర్ (అయస్కాంతంతో ద్రవాన్ని తిప్పే పరికరం) మీద బీకరు పెట్టి, తిరుగుతున్న ద్రావణంలోకి సిరంజితో ఇథనాల్‌ను చుక్కచుక్కగా వదులుతారు. సూది మొన ద్రవంలో మునిగిందా లేదా, సుడి మధ్యలో వదిలారా అంచున వదిలారా, చేయి ఎంత త్వరగా నొక్కింది అన్నవాటిని బట్టి ఫలితం మారుతుంది. ఒకే ఫార్ములాతో ఇద్దరు విద్యార్థులు చేస్తే రెండు పరిమాణాలు వస్తాయి. దానికి కొవ్వుల పాళ్లు మార్చి చూడమన్న సలహా వస్తుంది. నివేదికలో కణం పరిమాణం దశాంశాలతో సహా ఉంటుంది. ద్రవాల ప్రవాహ వేగం, అవి కలిసిన చోటు కొలతలు మాత్రం కనిపించవు. ‘బాగా కలిపాము’ అన్న మాట శాస్త్రీయ వివరణ అనిపించుకోదు.

బీఫార్మసీ మూడో సెమిస్టర్‌లో ఫార్మాస్యూటికల్ ఇంజనీరింగ్ కింద రేనాల్డ్స్ సంఖ్యతో పాటు ప్లానెటరీ మిక్సర్, సిగ్మా బ్లేడ్ మిక్సర్ వంటి పెద్ద యంత్రాల గురించి చెబుతాం. లైపోజోములు (కొవ్వు పొరతో ఏర్పడే సూక్ష్మ బుడగలు), నానో కణాలు ఏడో సెమిస్టర్‌లో వస్తాయి. నానో కణం పుట్టుకను రేనాల్డ్స్ సంఖ్యతో ముడిపెట్టే పాఠం మధ్యలో ఎక్కడా లేదు.

పరిశ్రమలో చేరాక ఈ లోటు మరింత ఇబ్బంది పెడుతుంది. కాలువ వెడల్పు రెట్టింపు చేస్తే వ్యాపన కాలం నాలుగు రెట్లవుతుంది కనుక, చిన్న చిప్‌లో (సన్నని కాలువలు చెక్కిన పలకలో) కుదిరిన మందును పెద్ద పాత్రలో అలాగే తీయలేం. కోవిడ్ టీకా ఉత్పత్తిని పెంచేటప్పుడు ఫైజర్ చిన్న మిక్సర్ల సంఖ్యను పెంచిందే తప్ప వాటిని పెద్దవి చేయలేదు. 2022లో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థకు చెందిన ఇంక్యుబేషన్ కేంద్రం స్వదేశీ ఎంఆర్‌ఎన్‌ఏ టీకా పరిజ్ఞానాన్ని ప్రకటించిన నగరం మనది. శామీర్‌పేట దగ్గర జీవశాస్త్ర పరిశ్రమల సముదాయం జీనోమ్ వ్యాలీ, తార్నాకలో రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ, బాలానగర్‌లో ఫార్మసీ విద్యాసంస్థ నైపర్, కందిలో ఐఐటీ ఉన్నాయి. ఈ సంస్థలు సెలవుల్లో కొన్ని రోజులైనా ఫార్మసీ, కెమికల్ ఇంజనీరింగ్ విద్యార్థులను కలిపి మైక్రోఫ్లూయిడిక్స్‌లో (సన్నని కాలువల్లో ద్రవాలను నడిపే విద్యలో) శిక్షణ ఇవ్వాలని కోరుతున్నాను. రంగునీళ్ల ప్రయోగానికి ఒక చిప్, రెండు సిరంజి పంపులు, మామూలు సూక్ష్మదర్శిని చాలు. పంపు మొదలైన తొలి క్షణాల్లో ప్రవాహం కుదురుకోదని, ఆ తొలి చుక్కలను నమూనాలో చేర్చకూడదని విద్యార్థి కళ్లారా చూసి నేర్చుకోవాలి.

దీనికి తోడు, వచ్చే విద్యాసంవత్సరం నుంచి ఎంఫార్మసీ ప్రాజెక్టు నివేదికల్లో మొత్తం ప్రవాహ వేగం, ద్రవాల నిష్పత్తి, ఉష్ణోగ్రత, మిక్సర్ ఆకారం, కొలతలు తప్పనిసరిగా రాయాలన్న నిబంధనను విశ్వవిద్యాలయాలు పెట్టాలి. దీనికి ఒక ఉత్తర్వు చాలు, ప్రత్యేకంగా నిధులేమీ అక్కర్లేదు.

– ఒక ఫార్మసీ అధ్యాపకురాలు, హైదరాబాద్