సూర్యాపేటలో నన్ను బస్సు దింపి పాలు తాగించిన సిస్టర్‌కి

అందరికీ నమస్కారం.

నేను తెనాలిలో జాకెట్లు కుడతాను. ఇరవై ఆరేళ్ళుగా ఇదే పని. నా కుడి మోకాలు అరిగి తొమ్మిదేళ్ళయింది, ఎడమది ఐదేళ్ళు. అది చాలదన్నట్టు ఆరేళ్ళ నుంచి రాత్రి పడుకుంటే కాళ్ళు ఊరుకోనిచ్చేవి కావు. ఇప్పుడు రెండు నెలలుగా రాత్రి పదిన్నరకి పడుకుంటే మళ్ళీ ఐదింటికే లేస్తున్నాను. ఈ నిద్ర నాకు చాలామంది కలిసి తెచ్చిపెట్టింది. వాళ్ళకి నలుగురిలో చెప్పుకోవాలని దసరా పనులు కాస్త తెమలగానే రాయడానికి కూర్చున్నాను. అందులో ఒకరి పేరు నాకు తెలియదు. ఫోన్ నంబరు కూడా అడగలేదు. ఆవిడ కంట పడుతుందేమోనన్న ఆశతోనే ఇంత వివరంగా రాస్తున్నాను.

మోకాళ్ళ నొప్పి సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు. గుజ్జు అరిగిపోయిందంటే చాలు, అందరూ అయ్యో అంటారు, కుర్చీ లాగి వేస్తారు. రెండో జబ్బుకి ఆ అయ్యో కూడా దొరకదు. దాన్ని ఎలా చెప్పాలో నాకే తెలిసేది కాదు మరి. అది నొప్పి కాదు, తిమ్మిరి కాదు, పిక్క పట్టేయడమూ కాదు. పిక్కల లోపల, ఎముక పక్కనే, ఎవరో దారం పెట్టి గుంజుతున్నట్టుంటుంది. కాలు కదిపితే పోతుంది. కదపడం ఆపితే మళ్ళీ వచ్చేస్తుంది. పగలు మిషన్ తొక్కుతున్నంతసేపూ ఏమీ ఉండదు. అన్నం తిని నడుం వాల్చాక మొదలవుతుంది.

మోకాలేమో కూర్చోమంటుంది, పిక్కలేమో లేచి నడవమంటాయి. ఏ మాట వినాలి? మా హాలు ఈ గోడ నుంచి ఆ గోడకి పదకొండు అడుగులు. లైటు వేస్తే ఇంట్లోవాళ్ళు లేస్తారని చీకట్లోనే గోడ పట్టుకుని తిరిగేదాన్ని. తిరిగితే పిక్కలు నెమ్మదించేవి, తెల్లారేసరికి మోకాలు వాచేది. వాచిందని ఒక నొప్పి మాత్ర. నిద్ర లేదని రాత్రికి ఇంకో మాత్ర. ఈ రెండు మాత్రలే నన్ను ఇంకా కిందికి లాగుతున్నాయని అప్పటికి తెలియదు.

మా అత్తగారికి డెబ్బై ఎనిమిదేళ్ళు. నా అడుగుల చప్పుడుకి ఆవిడకి మెలకువ వచ్చేది. ఒక్కనాడూ విసుక్కోలేదు. కొబ్బరినూనె వెచ్చ చేసుకొచ్చి, నన్ను మంచం అంచున కూర్చోబెట్టి, ఆవిడ కింద ముక్కాలిపీట మీద కూర్చుని నా పిక్కలు పిసికేవారు. కోడలి కాళ్ళు అత్తగారు పట్టడమేమిటని నేను కాళ్ళు వెనక్కి లాక్కుంటే, "ఊరుకోవే, మా అమ్మకీ ఇంతే, రాత్రంతా గోడకేసి కాళ్ళు రాసుకునేది" అనేవారు. అత్తయ్యా, మీరు ఈ ఫోనులో చదవరు, మనవరాలు చదివి వినిపిస్తుంది. మీ చేతుల వెచ్చదనం లేకపోతే ఆ రాత్రుళ్ళు నాకు గడిచేవి కావు.

ఆ మధ్య ఒక డాక్టరు గారికి చూపించుకుంటే, "టెన్షన్ తగ్గించుకోండమ్మా, ఈ వయసులో ఆడవాళ్ళకి మామూలే" అని పంపేశారు. నేనూ సరిగ్గా చెప్పలేకపోయాను. కానీ ఆ రోజు ఇంటికొచ్చేదాకా ఆటోలో ఏడుస్తూనే ఉన్నాను. ఆ తర్వాత ఎవరికీ చెప్పడం మానేశాను.

ఇక ఆ బస్సు సంగతి. పోయిన మాఘమాసంలో మా అమ్మాయి రెండో కాన్పని హైదరాబాదు బయల్దేరాను. విజయవాడ బస్టాండులో రాత్రి బస్సు ఎక్కాను. నాది కిటికీ సీటు, పక్కన ముప్పై అయిదేళ్ళ అమ్మాయి, ఒళ్ళో ఆకుపచ్చ బ్యాగు. బస్సు ఊరు దాటి లైట్లు ఆపేశారో లేదో నా కాళ్ళు మొదలుపెట్టాయి. ఎంత బిగబట్టుకున్నా మోకాలు వెళ్ళి ముందు సీటుకి తగులుతోంది. ముందాయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూశారు, మూడోసారి "ఏంటమ్మా ఇది, నిద్రపోనివ్వరా" అన్నారు. ఆయన తప్పేం లేదు. లేచి సీట్ల మధ్య దారిలో కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. కూర్చోమ్మా, పడిపోతావని డ్రైవరు గారు కేకేశారు. మళ్ళీ కూర్చున్నాను.

అప్పుడు పక్కనున్న అమ్మాయి మెల్లగా అడిగింది. "ఆంటీ, కాళ్ళు నొప్పా, లేకపోతే కదపకుండా ఉండలేకపోతున్నారా?"

ఆరేళ్ళలో నన్ను ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆ అమ్మాయే. ఉండలేకపోతున్నానమ్మా అన్నాను. గొంతు పూడుకుపోయి ఇంకేం చెప్పలేకపోయాను.

తను ఒక ఆసుపత్రిలో డయాలసిస్ వార్డులో నర్సునని చెప్పింది. కిడ్నీలు పాడైనవాళ్ళలో ఇది చాలామందికి ఉంటుందట, డయాలసిస్ మీద ఉన్నంతసేపూ కాళ్ళు కొట్టుకునేవాళ్ళని రోజూ చూస్తుందట. దీన్ని రెస్ట్‌లెస్ లెగ్స్, అంటే కుదురుగా ఉండని కాళ్ళు, అంటారని, ఇది నిజంగా జబ్బేనని, కిడ్నీలు బాగున్నవాళ్ళకి కూడా వస్తుందని చెప్పింది. ఒంటిగంట దాటాక సూర్యాపేటలో బస్సు ఆగితే, చెయ్యి పట్టుకుని నన్ను కిందికి దించింది. నేను టీ అడగబోతే ఆపి పాలు ఇప్పించింది. రాత్రిపూట టీ, కాఫీ దీనికి పడవట.

ఆ టీకొట్టు ట్యూబులైటు కింద వేళ్ళు మడిచి లెక్కపెడుతూ ఒక్కొక్కటే అడిగింది. కదపాలనిపిస్తుందా? కూర్చున్నా పడుకున్నా ఎక్కువవుతుందా? నడిస్తే తగ్గుతుందా? రాత్రిళ్ళే ఎక్కువా? నాలుగింటికీ అవునన్నాను. ఏమేం మాత్రలు వేసుకుంటున్నారంది. గుడ్డల దుమ్ముకి తుమ్ములొస్తే వాడే మగత మాత్ర ఉంది, నిద్ర పడుతుందని అది రోజూ వేసుకునేదాన్ని. అది విని తల పట్టుకుంది. "ఆంటీ, మగతొచ్చే అలర్జీ మాత్రలు కాళ్ళ గోలని పెంచుతాయి. వాటి గురించి డాక్టరుని తప్పకుండా అడగండి" అంది. బ్యాగులోంచి చిన్న డైరీ తీసి కాగితం చింపి, దాని మీద "ఫెర్రిటిన్" అని తెలుగులోనే రాసిచ్చింది. రక్తం పరీక్షలో హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి వదిలేస్తారు, ఇది కూడా చేయమని అడగండని రెండుసార్లు చెప్పింది. బస్సెక్కాక తన సీటు నాకిచ్చి తను కిటికీ వైపు కూర్చుంది, కాలు బయటికి చాపుకోవచ్చని. ఎల్బీ నగర్‌లో దిగిపోయింది. ఆ కాగితం ఇప్పటికీ నా మిషన్ సొరుగులో బాబిన్ల డబ్బాలో ఉంది.

అమ్మాయి కాన్పు అయి తిరిగొచ్చాక గుంటూరులో నరాల డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయనకి కూడా మనసారా దండం పెట్టుకుంటున్నాను. బయట ఇరవై మంది కూర్చుని ఉన్నా నేను చెప్పేదంతా అయ్యేదాకా నోరు మెదపకుండా విన్నారు. నేను కాగితం తీసి చూపిస్తే నవ్వి, ఇదే రాయబోతున్నానమ్మా అన్నారు. పరీక్షలో హిమోగ్లోబిన్ 11.2 వచ్చింది, ఫెర్రిటిన్ 11. ఫెర్రిటిన్ అంటే ఒంట్లో దాచిపెట్టుకున్న ఇనుము లెక్కట. హిమోగ్లోబిన్ కొద్దిగానే తగ్గినా దాపుడు ఖాళీ అయిపోయి ఉండొచ్చు. మెదడుకి సరిపడా ఇనుము అందకపోతే అక్కడ కదలికల్ని అదుపులో పెట్టే డోపమిన్ అనే రసాయనం పని దెబ్బతిని, కాళ్ళు ఇలా తయారవుతాయట. ఈ జబ్బున్నవాళ్ళకి ఫెర్రిటిన్ 75కి పైన ఉండేలా చూస్తామన్నారు.

ఇంకో మాట చెప్పారు, అది నాకు మందు కంటే ఎక్కువ పనిచేసింది. 1672లోనే థామస్ విల్లిస్ అనే ఇంగ్లండు వైద్యుడు ఈ జబ్బు గురించి రాశాడట, ఈ రోగులకి మంచం మీద పడుకోవడం చిత్రహింసల చోట ఉన్నట్టే ఉంటుందని. 1945లో స్వీడన్ డాక్టరు ఎక్‌బోమ్ దీనికి ఇప్పుడున్న పేరు పెట్టారట. మూడున్నర వందల ఏళ్ళ కిందట ఎక్కడో దూరదేశంలో ఎవరో నాలాగే రాత్రంతా తిరిగారు, వాళ్ళ మాట నమ్మి రాసిపెట్టిన డాక్టరు ఒకాయన ఉన్నాడు. ఆ సంగతి విన్నాక ఇది నా మనసు సృష్టించుకున్నది కాదని నాకు ధైర్యం వచ్చింది.

మరి ఇనుము ఎక్కడికి పోయింది? ముట్లు ఆగిపోక ముందు నాకు నాలుగైదేళ్ళు బాగా ఎక్కువగా అయ్యేది. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటు ఒకటి. వీటి కంటే పెద్దది మోకాలికి ఏళ్ళ తరబడి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి మాత్ర. కడుపులో కెమెరా వేసి చూస్తే లోపల పుండ్లు. కంటికి కనపడకుండా రోజూ కొంచెం కొంచెం రక్తం పోతోందట. అంటే మోకాలి కోసం వేసుకున్న మాత్ర కడుపుని పుండు చేసింది, కడుపు ఇనుముని పోగొట్టింది, ఇనుము లేక కాళ్ళు గోల పెట్టాయి, కాళ్ళ గోలకి రాత్రంతా తిరిగి మళ్ళీ మోకాలిని వాపు చేసుకున్నాను. డాక్టరు గారు ఇదంతా కాగితం మీద గుండ్రంగా బాణాలు గీసి చూపించారు. నేను చాలాసేపు ఆ కాగితం కేసే చూస్తూ ఉండిపోయాను.

నొప్పి మాత్ర ఆపేశారు. మోకాలికి పైన రాసుకునే జెల్, మరీ తప్పకపోతే పారాసిటమాల్. కడుపు పుండుకి మందు. అలర్జీకి మగత రాని మాత్ర. రోజు విడిచి రోజు పొద్దున్నే పరగడుపున నిమ్మరసంతో ఇనుము మాత్ర, ఆ తర్వాత రెండు గంటల దాకా టీ మాట ఎత్తకూడదు. రాత్రికి కొద్ది మోతాదులో గాబాపెంటిన్ అనే నరాల మందు. మొదటి పది రోజులు పొద్దున లేస్తే తల తిరిగినట్టుండేది, తర్వాత సర్దుకుంది. మూడు నెలలకి ఫెర్రిటిన్ 46, ఆరు నెలలకి 81. ఇదంతా చదివి ఎవరూ ఇనుము మాత్రలు కొనుక్కుని మింగేయకండి. ఒంట్లో ఎక్కువైనా ప్రమాదమే, ముందు పరీక్ష చేయించుకోండి.

మోకాలి విషయంలో మా ప్రభుత్వాసుపత్రి ఫిజియోథెరపీ అమ్మాయి రుణం తీర్చుకోలేను. ఎక్స్‌రేలో అరుగుదల నాలుగు మెట్లలో మూడో మెట్టు. ఇక ఆపరేషనేనేమోనని భయపడుతూ వెళ్ళాను. "గుజ్జు తిరిగి రాదు గానీ అమ్మా, తొడ కండరం గట్టిపడితే మోకాలి బరువు అది మోస్తుంది" అని తువ్వాలు చుట్ట చుట్టి నా మోకాలి కింద పెట్టి, దాన్ని కిందికి నొక్కి అయిదు అంకెలు లెక్కపెట్టమంది. మొదటి రోజు నాలుగుసార్లకే తొడ వణికింది. ఇప్పుడు పూటకి ముప్పైసార్లు చేస్తున్నాను. కర్ర నొప్పి ఉన్న కాలి వైపు కాదు, రెండో చేత్తో పట్టుకోవాలని కూడా ఆ అమ్మాయే నేర్పింది. ఇన్నాళ్ళూ తప్పు చేత్తో పట్టుకున్నాను. కిలో బరువు తగ్గితే ప్రతి అడుగుకీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గినట్టేనంది. 78 నుంచి 72కి వచ్చాను.

మా తమ్ముడు చెప్పకుండా వచ్చి నా మిషన్‌కి మోటారు బిగించి వెళ్ళాడు. మోకాళ్ళకి ప్రాణం లేచొచ్చింది. కానీ కాళ్ళు కదిలే పని లేకపోయేసరికి సాయంత్రాలు మిషన్ దగ్గరే గుంజుడు మొదలయ్యేది. అందుకని ఇప్పుడు చీకటి పడ్డాక మోటారు పని పెట్టుకోను, నిలబడి కటింగ్ చేసుకుంటాను. నా దగ్గర పని నేర్చుకునే పిల్లలిద్దరూ శ్రావణమాసం మొత్తం హుక్కులు, కాజాలు, ఫాల్సూ వాళ్ళే చూసుకున్నారు. ఆ నెలలో పెళ్ళికూతురి జాకెట్లు పన్నెండు ఒప్పుకుని ఎనిమిది దగ్గర ఆగిపోయాను. ఆ పిల్ల తల్లి ఒక్క మాట అనలేదు. మిగతా నాలుగు గుడ్డలూ తీసుకుంటూ, తాంబూలంతో పాటు డజను అరటిపళ్ళు నా బల్ల మీద పెట్టి వెళ్ళింది. వదినా, మీ అమ్మాయి సారె జాకెట్లు నావే, డబ్బులు తీసుకోను.

ఇక ఆకుపచ్చ బ్యాగు సిస్టర్, నువ్వు ఇది చదువుతుంటే ఒక సంగతి చెప్పాలి. ఆ రోజు టీకొట్టు దగ్గర నువ్వు వేళ్ళు మడిచి లెక్కపెడుతుంటే నీ గోధుమరంగు కుర్తా కుడిచేతి చంక దగ్గర కుట్టు ఊడి కనపడింది. నా బ్యాగులో సూదీ దారం ఉన్నాయి. బస్సెక్కాక చీకట్లో కుదరలేదు, నువ్వు దిగేటప్పుడు నాకు నిద్ర పట్టేసింది, కళ్ళు తెరిచేసరికి పక్క సీటు ఖాళీ. తెనాలి వైపు వస్తే స్టేషన్లో దిగి జాకెట్లు కుట్టే మోకాళ్ళ నొప్పులావిడ అని అడిగినా నా ఇల్లు చూపిస్తారు. ఆ కుర్తా తీసుకురా తల్లీ. దానికి తోడు ఇంకో జత గుడ్డ కూడా కొని పెట్టాను, నీ కొలతలు తెలియక కత్తెర పెట్టలేదు.