ఆ రోజు బస్సులో పంచదార నీళ్లు కలిపిచ్చిన అక్కకి

మొన్న ఆదివారం విజయవాడ నుంచి హైదరాబాద్ వస్తుంటే, సూర్యాపేట దాటాక మా నాన్నకి ఒళ్లంతా చెమటలు పట్టి, చేతులు వణుకుతూ మాట ముద్దగా రావడం మొదలైంది. వెనక సీటాయన "తాగినట్టున్నాడు" అన్నాడు, నేనేమో షుగర్ పెరిగిందనుకుని ఇన్సులిన్ కోసం సంచి వెతుకుతున్నా. పొద్దున ఇన్సులిన్ వేసుకుని టిఫిన్ తినలేదన్న సంగతి నాకు తట్టనే లేదు!

మీరు లేచొచ్చి నా చెయ్యి పట్టుకుని ఆపారు. "ఇది షుగర్ పడిపోవడం తమ్ముడూ. పెరిగితే దాహం, మాటిమాటికీ మూత్రం, నీరసం, అన్నీ మెల్లగా వస్తాయి" అన్నారు. ఆయన మింగగలరో లేదో చూసి, మీ బ్యాగులోని పంచదార మూడు చెంచాలు నీళ్లలో కలిపి తాగించారు. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకూడదట, పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యాలట.

అప్పటికి గానీ షుగర్ చూసే మీటరు ఉందని నాకు గుర్తు రాలేదు. 52 చూపించింది. 70 కంటే తగ్గితేనే ప్రమాదమట! పావుగంట ఆగి చూస్తే 88. అప్పుడు మీ డబ్బాలోంచి రెండు ఇడ్లీలు పెట్టారు (ఆ పల్లీ చట్నీ గురించి నాన్న ఇంకా చెబుతూనే ఉన్నారు).

నర్సా అని అడిగితే, "మా అమ్మకి పదిహేనేళ్లుగా షుగర్" అని నవ్వి హయత్‌నగర్‌లో దిగిపోయారు. చాలా థాంక్స్ అక్కా. మీ స్టీలు డబ్బా మా దగ్గరే ఉండిపోయింది, ఇది చూస్తే చెప్పండి, తెచ్చిస్తాను.