బర్డ్ ఫ్లూ: కిలోమీటరు గీత దాటిపోయిన బండ్ల సంగతేమిటి?

సంపాదకులకు నమస్కారం.

బర్డ్ ఫ్లూ వార్త రాగానే మన తెలంగాణలో మొదట వెలిసేవి సరిహద్దు చెక్‌పోస్టులు. 2025 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్‌లోని గోదావరి జిల్లాల్లో వ్యాధి తేలినప్పుడు అటు నుంచి వచ్చే కోళ్ల బండ్లను వెనక్కి తిప్పారు. అందులో తప్పేమీ లేదు. అయినా కొన్ని వారాలకే యాదాద్రి భువనగిరి, రంగారెడ్డి జిల్లాల్లోనూ వ్యాధి బయటపడింది. నెపం వలస పక్షుల మీదికి నెట్టేస్తే పాకాల, లక్నవరం చెరువుల వైపు చూసి ఊరుకోవచ్చు. కానీ ఒక ఫారంలో పడ్డ వైరస్‌ను ఇంకో ఫారానికి మోసేది ఎక్కువగా మనుషులు, బండ్లు, బోన్లే.

కేంద్రం కార్యాచరణ ప్రణాళిక ప్రకారం వ్యాధి తేలిన చోటు నుంచి ఒక కిలోమీటరు మేర ఇన్ఫెక్టెడ్ జోన్, పది కిలోమీటర్ల దాకా నిఘా జోన్. మా అభ్యంతరం ఆ గీతలతో కాదు, పని అక్కడితోనే ఆగిపోవడంతో. ఉత్తర తెలంగాణలో బ్రాయిలర్ పెంపకం చాలావరకు కంపెనీల కాంట్రాక్టు మీద నడుస్తుంది. కోడిపిల్లలు, దాణా, మందులు కంపెనీవి. షెడ్డు, కరెంటు, కష్టం రైతువి. అయిదు వేల కోళ్ల షెడ్డు ఒక్క బండితో ఖాళీ కాదు, లిఫ్టింగ్, అంటే పెరిగిన కోళ్లను పట్టి బండ్లకెత్తడం, రెండు మూడు రాత్రులు సాగుతుంది. కోళ్లు పట్టే ముఠా ఒకటే, బోన్లు అవే, కాంటా అదే. పరకాల దగ్గర సగం నిండిన బండి మిగతా సగానికి హుజూరాబాద్ వైపు పోవచ్చు. ఆ రెండో ఫారం పది కిలోమీటర్ల గీతకు అందదు. కానీ కిలోమీటరు లోపలే ఉన్నా ఏ బండీ తొక్కని పెరటి కోళ్ల కన్నా ముప్పు దానికే ఎక్కువ.

అందుకని అనుమానం వచ్చిన రోజు నుంచి వెనక్కి 14 రోజుల రాకపోకలు బయటికి తీయాలి. ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ ఒక మందలో ఈ వ్యాధి పొదిగే కాలాన్ని 14 రోజులుగా లెక్కిస్తోంది. లిఫ్టింగ్ బండ్లు, దాణా లారీ, పిల్లలు దింపిన వ్యాను, కంపెనీ సూపర్‌వైజర్, టీకాలు వేసేవాళ్లు, పెంట ఎత్తుకుపోయిన ట్రాక్టరు: వీటిలో ఏది తాకినా ఆ ఫారాన్ని దూరంతో నిమిత్తం లేకుండా 14 రోజులు ఆపాలి. కోళ్లు, గుడ్లు, పెంట, ఖాళీ దాణా బస్తాలు, గుడ్ల ట్రేలు ఏవీ గేటు దాటకూడదు. దాణా ఎలాగూ రావాల్సిందే కాబట్టి గేటు బయటే దింపించి, ఫారంలో ఉండే బండి మీద లోపలికి తెచ్చుకోవాలి. లారీ డ్రైవరును షెడ్డు దాకా రానివ్వకూడదు.

భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాల తేల్చేదాకా నిర్ధారణ కాదు. నమూనా పోయి ఫలితం వచ్చే మధ్యలోని ఆ రోజులే అసలు ప్రమాదం. కోళ్లు ఉన్నట్టుండి రాలిపోతుంటే కొక్కెర తెగులు (రాణిఖేత్) అనో వడదెబ్బ అనో సర్దిచెప్పుకుని, దొరికిన ధరకు మిగిలినవి వదిలించుకోవడం మామూలే. కంటితో చూసి కొక్కెరనూ దీన్నీ వేరుచేయలేం. దాణా తినడం, నీళ్లు తాగడం ఒక్కసారిగా తగ్గినా, పెంకు గట్టిపడని తోలు గుడ్లు వస్తున్నా, జుట్టు నీలం తిరిగి కాళ్ల మీద ఎర్రటి మచ్చలు కనిపించినా ముందు అమ్మకం ఆపాలి. చచ్చిన కోడిని అక్కడే కోసి చూడొద్దు. 2009 నాటి జంతువుల అంటువ్యాధుల చట్టం ప్రకారం రైతు వెంటనే గ్రామ పంచాయతీకి చెప్పాలి, జబ్బు కోళ్లను వేరుగా ఉంచాలి. చెప్పడంలో రైతుకూ లాభముంది. పరిహారం బతికున్న కోళ్లను అధికారులు చంపితేనే వస్తుంది, అంతకుముందు చచ్చినవాటికి రాదు. ఆ పరిహారంలో కంపెనీకెంత, రైతుకెంత అన్నది ఒప్పంద పత్రంలోనే రాయించుకోవడం మంచిది.

ఆపమంటే రైతుకు భయం ఎందుకో కూడా చూడాలి. అమ్మకానికొచ్చిన బ్రాయిలర్ రోజుకు 180 గ్రాముల దాకా తింటుంది. అయిదు వేల కోళ్లకు 900 కిలోలు, అంటే యాభై కిలోల బస్తాలు పద్దెనిమిది. ఆ భారం రైతు మీద పడితే అతను దాచిపెడతాడు, అందులో వింత లేదు. ఆపిన రోజుల దాణా కంపెనీయే ఇవ్వాలి. స్వాబ్ పరీక్షలో వైరస్ లేదని తేలిన మందను ఒకే బండిలో, మధ్యలో ఎక్కడా ఆగకుండా, నేరుగా కోత కేంద్రానికి పంపేలా అనుమతివ్వాలి.

ఇక వైరస్‌ను చంపే మందు చల్లడం. చాలాచోట్ల బోన్ల మీద రెట్ట అట్టలు కట్టి ఉండగానే బ్లీచింగ్ నీళ్లు చల్లి చేతులు దులుపుకుంటారు. రెట్ట, ఈకలు క్లోరిన్‌ను మింగేస్తాయి, కింద వైరస్ అలాగే ఉంటుంది. ముందు గీకాలి, తర్వాత సబ్బు నీళ్లతో తోమాలి. ఈ వైరస్ పైపొర కొవ్వుది కనుక సబ్బుకే సగం లొంగుతుంది. ఆరాకే మందు. 30 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడర్ పది లీటర్ల నీటికి 330 గ్రాములు కలిపితే ఒక శాతం ద్రావణం వస్తుంది. అది కనీసం పది నిమిషాలు తడిగా ఉండాలి. మూతి విప్పి నెలలు ఉంచిన బస్తాలో పస ఉండదు. గేటు దగ్గర కాళ్లు ముంచే తొట్టిలో నీళ్లు రోజూ మార్చాలి, బురద పడితే అప్పుడే మార్చాలి. డ్రైవర్ క్యాబిన్ మ్యాట్‌ను అందరూ మరిచిపోతారు.

పెంట సంగతి ఇంకా అధ్వానం. బ్యాచ్ అయిపోగానే ఊకతో కలిసిన పెంట ట్రాక్టర్లలో మిర్చి చేలకూ చేపల చెరువులకూ పోతుంది, దారి పొడవునా రాలుతుంది. చల్లటి, తడి పెంటలో వైరస్ వారాల తరబడి బతుకుతుంది. ఆపిన ఫారంలో దాన్ని షెడ్డు పక్కనే కుప్ప వేసి, తడిపి, టార్పాలిన్ కప్పాలి. లోపల 60 డిగ్రీల వేడి పుట్టాలి. అంచులకు ఆ వేడి అందదు కాబట్టి కుప్పను ఒకసారి తిరగేసి మళ్లీ కప్పాలి.

వరంగల్, హనుమకొండ, ములుగు, కరీంనగర్ కలెక్టర్లను మేం కోరేది ఒక్కటే. చలికాలం మొదలయ్యేలోపు ప్రతి కంపెనీ తన లిఫ్టింగ్ రిజిస్టరును మండల పశువైద్యాధికారికి వారం వారం ఇచ్చేలా ఉత్తర్వు ఇవ్వండి. మేడారం జాతర ఏడాదైతే ఇంకా ముందే. బండి నంబరు, ముఠా పెద్ద పేరు, అంతకుముందు ఏ ఫారంలో ఎత్తారు, తర్వాత ఎక్కడికి పోయారు, మధ్యలో ఎక్కడ కడిగారు అన్నవి అందులో ఉంటే చాలు.

ఇట్లు,
కోళ్ల వైద్యంలో ఉన్న కొందరం,
హనుమకొండ