ఉన్నవి ఉన్నట్టుగా ఇప్పించండి: అప్పూ ఘర్ ఫోటోల విషయమై ఫిర్యాదు

విశాఖపట్నం

బ్రాంచి మేనేజరు గారికి,
ద్వారకానగర్ శాఖ, విశాఖపట్నం.

విషయం: పాత కుటుంబ ఫోటోలను స్కాన్ చేయడంలో జరిగిన లోపాలు, నెగెటివ్‌లూ పాత ఆల్బమూ తిరిగి అందకపోవడం గురించి.

ఆర్యా,

మా ఇంట్లో ఉన్న పాత ఫోటోలను, వాటి నెగెటివ్‌లను స్కాన్ చేసి ఇవ్వవలసిందిగా కోరుతూ మీ శాఖలో స్వయంగా అప్పగించి, మొత్తం రుసుము ముందుగానే చెల్లించాను. మీరిచ్చిన రసీదులో 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) స్కానింగ్, టిఫ్ ఫైళ్లు (బొమ్మ నాణ్యత తగ్గకుండా దాచేవి), ఫోటోల ముందు వెనుక భాగాలు రెండూ, అసళ్లన్నీ వాపసు అని స్పష్టంగా రాసి ఉంది. మరమ్మతు గానీ, రంగులు వేయడం గానీ, ముఖాలు సరిదిద్దడం గానీ అందులో లేవు, నేను అడగనూ లేదు. మీరు తిరిగి ఇచ్చిన పెన్‌డ్రైవ్‌ను, కొత్త ఆల్బమ్‌ను ఇంట్లో అందరం కూర్చుని చూసిన తరువాత ఈ లేఖ రాయక తప్పలేదు.

ఆ ఫోటోలు ఎక్కడివో ముందుగా చెప్పాలి. మా నాన్నగారు విశాఖ పోర్టులో ఉద్యోగి. 1986 వేసవిలో ఎల్.టి.సి. (ఉద్యోగులకు ఇచ్చే సెలవు ప్రయాణ రాయితీ) మీద మా కుటుంబమంతా ఢిల్లీ వెళ్లి, అక్కడ కేంద్ర ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్న మా బాబాయి క్వార్టర్‌లో దిగాం. చూడవలసినవన్నీ చూశాం గానీ, పిల్లలమైన మాకు ఢిల్లీ అంటే అప్పూ ఘర్ ఒక్కటే. 1982 ఆసియా క్రీడల చిహ్నమైన అప్పూ అనే ఏనుగు పిల్ల పేరు పెట్టి, ప్రగతి మైదానంలో 1984 నవంబరు 19న రాజీవ్ గాంధీ ప్రారంభించిన వినోదాల పార్కు అది. అలాంటి ఆటలు, అలాంటి యంత్రాలు మా ఊళ్లో ఎక్కడా లేవు. తిరునాళ్లలో చేత్తో తిప్పే రంగులరాట్నం తప్ప మరొకటి ఎరగని మేము, కరెంటుతో తిరిగే జెయింట్ వీల్ మీద నుంచి ఢిల్లీని చూశాం. ఆ పార్కు 2008లో మూతబడింది. ఆ స్థలం మెట్రో రైలుకూ సుప్రీంకోర్టు విస్తరణకూ వెళ్లిపోయింది. కనుక మీకు అప్పగించిన ఫోటోలు మళ్లీ తీసుకోగలిగినవి కావు. డబ్బు పెట్టి అక్కడికి వెళ్లినా ఆ చోటు లేదు, ఆ యంత్రాలు లేవు, ఫోటో తీసిన మా నాన్నగారూ లేరు.

నాన్నగారి కెమెరా ఆగ్ఫా క్లిక్-3. 120 సైజు రీలు వేస్తే 12 చదరపు బొమ్మలు వచ్చేవి. ఒక్కొక్క బొమ్మకూ ఆయన ఎంత ఆలోచించేవారో, మమ్మల్ని ఎండలో ఎంతసేపు నిలబెట్టేవారో మాకు తెలుసు. మూడున్నర అంగుళాల ఆ చదరపు ప్రింట్లన్నింటినీ మీ సిబ్బంది నేటి ప్రింటు కాగితం కొలతకు సరిపోయేలా పైనా కిందా కోసివేసి అడ్డంగా పొడవైన బొమ్మలుగా మార్చారు. అసలు ప్రింట్ల చుట్టూ ఉన్న తెల్ల అంచు కూడా ఫైళ్లలో లేదు. అంచు పోతే పోయిందని మీకు అనిపించవచ్చు. ఏనుగు బొమ్మ ముందు అమ్మా, మేము ముగ్గురు పిల్లలమూ నిలబడిన ఫోటోలో, నేల మీద, కింది అంచుకు ఆనుకుని, రెండు మోచేతులూ ఎత్తి కెమెరాను కంటికి ఆనించుకున్న మా నాన్నగారి నీడ పడింది. ఆ ప్రయాణంలో తీసిన ఫోటోలన్నీ ఆయన తీసినవో బాబాయి తీసినవో కావడం, ఎవరు ఎంత చెప్పినా ఆయన కెమెరా ముందుకు రాకపోవడం వల్ల, అప్పూ ఘర్‌లో ఆయన ఉన్నారనడానికి మాకు మిగిలిన గుర్తు ఆ నీడ. మీరు ఇచ్చిన ఫైలులో అది లేదు. ఫోటో మా పాదాల దగ్గరే ఆగిపోయింది.

రెండవది, ఇంకా బాధ కలిగించినది, మీ సాఫ్ట్‌వేర్ ఫోటోల లోపల చేసిన మార్పులు. అప్పటికి ఏడాది నిండిన మా తమ్ముడి బుగ్గ మీద అమ్మ పెట్టిన దిష్టిచుక్క ప్రతి ఫోటోలోనూ ఉండాలి, మీ ఫైళ్లలో ఒక్క దానిలోనూ లేదు. దానిని మరకగా భావించి తుడిచివేసినట్టున్నారు. అమ్మ ముక్కుకు ఉన్న బేసరి మెరుపు కూడా అలాగే దుమ్ము మచ్చగా లెక్కలోకి వెళ్లిపోయింది. కళ్ల కింద ఎండకు పడిన ముడతలు, అన్నయ్య నుదుటి మీద చిన్నప్పటి దెబ్బ గుర్తు, ఇవన్నీ పోయి, ఒకే అచ్చులో పోసినట్టు నున్నటి ముఖాలు వచ్చాయి. ఇప్పుడు పెద్దవయసులో ఉన్న మా అమ్మ భూతద్దం పెట్టి ఆ ప్రింట్లను చాలాసేపు చూసి, ‘వీళ్లు మన పిల్లల్లాగే ఉన్నారు’ అన్నది. ఆ మాట విన్న తరువాత మాలో ఎవరికీ ఆ ఆల్బమ్ పేజీ తిప్పాలనిపించలేదు.

మనుషులతోనే ఆగలేదు. డాషింగ్ కార్ల ఫోటోలో ప్రతి కారు వెనుక నుంచీ ఒక ఇనుప కడ్డీ పైకప్పుకు కట్టిన జాలీ దాకా వెళ్తుంది. పాత రకం కార్లకు కరెంటు ఆ జాలీ నుంచి కడ్డీ ద్వారానే అందేది. కడ్డీ కొస జాలీకి రాసుకున్నప్పుడల్లా నిప్పురవ్వలు రాలడం చూసి మేము భయపడటం, తరువాత ఆ రవ్వల కోసమే మళ్లీ ఎక్కుతామని మారాం చేయడం మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకునే సంగతి. మీ సాఫ్ట్‌వేర్ ఆ కడ్డీలను నిలువు గీతలుగా, అంటే ప్రింటు మీద పడిన గీరలుగా భావించి, కొన్నింటిని పూర్తిగా, కొన్నింటిని సగానికి తుడిచివేసింది. ఇప్పుడు ఆ కార్లు దేనివల్ల కదులుతున్నాయో చూసేవారికి తెలియదు. అదే రోజు ప్రగతి మైదానంలో హాల్ ఆఫ్ నేషన్స్ అనే ప్రదర్శనశాల ముందు తీసిన ఫోటోకు జరిగిన నష్టం మా కుటుంబానికి మాత్రమే పరిమితమైనది కాదు. రాజ్ రేవాల్ రూపకల్పనలో, మహేంద్ర రాజ్ ఇంజనీరింగ్‌తో 1972లో నిలిచిన ఆ భవనాన్ని 2017 ఏప్రిల్‌లో కూల్చివేశారు. కాంక్రీటు కడ్డీలతో త్రికోణాలుగా అల్లిన దాని గోడలే దాని ప్రత్యేకత. మా ప్రింటులో ఆ అల్లిక, దాని సందుల్లోంచి వచ్చే వెలుతురు స్పష్టంగా కనిపిస్తాయి. మీ ఫైలులో అక్కడ మసకబారిన బూడిదరంగు గోడ ఒకటి ఉంది. లేని భవనానికి మిగిలిన సాక్ష్యాన్ని ఇలా మార్చే అధికారం మీకు ఎవరూ ఇవ్వలేదు.

రంగుల సంగతి. నాన్నగారి రీలు నలుపు తెలుపుది. ఆ ఫోటోలకు మీరు రంగులు వేశారు. అమ్మ చీర నీలం రంగులో వచ్చింది. ఆ చీర చిలకపచ్చది, ఇప్పటికీ మా ఇనప్పెట్టెలో ఉంది, కావాలంటే మీ శాఖకు తెచ్చి చూపగలను. బాబాయి తన 35 ఎం.ఎం. కెమెరాతో తీసిన రంగుల ఫోటోలు ఏళ్ల తరబడి ఆల్బమ్‌లో ఉండి కొంత ఎర్రబారిన మాట నిజమే. ఆ కాలపు రంగుల కాగితాల్లో నీలి ఆకుపచ్చ ఛాయ ముందుగా వెలిసిపోవడం వల్ల అలా జరుగుతుందని మాకు తెలుసు. దానిని సరిచేయాలంటే ముందు ఉన్నది ఉన్నట్టుగా స్కాన్ చేసి భద్రపరిచి, సరిచేసిన ప్రతిని వేరుగా ఇవ్వడం పద్ధతి. మీరు సరిచేసినది మాత్రమే ఇచ్చారు. ఆ దిద్దుబాటులో ఢిల్లీ మే నెల ఆకాశం, మా కళ్లకు తెలిసిన ఆ దుమ్ము పట్టిన తెల్లటి ఆకాశం, ముదురు నీలమైపోయింది.

సాంకేతిక లోపాలు క్లుప్తంగా చెబుతాను. మూడున్నర అంగుళాల ప్రింటును 600 డీపీఐలో స్కాన్ చేస్తే ఒక్కో వైపు 2100 పిక్సెళ్లు రావాలి. మీ ఫైళ్లలో పెద్ద వైపు కూడా 1200 దాటలేదు, పైగా అవి టిఫ్ కావు, బాగా కుదించిన జేపెగ్ ఫైళ్లు. నలుపు తెలుపు నెగెటివ్‌ల స్కాన్లలో జుట్టు, చీర మడతలు ఉన్న చోట్ల అలుకుపోయినట్టున్న మచ్చలు కనిపిస్తున్నాయి. పరారుణ కిరణాలతో దుమ్మును గుర్తించి తొలగించే సదుపాయాన్ని వాటి మీద కూడా వాడారని నా అనుమానం. నలుపు తెలుపు ఫిల్ములో బొమ్మ వెండి రేణువులతో ఏర్పడుతుంది, వెండి ఆ కిరణాలను అడ్డుకుంటుంది గనుక యంత్రం బొమ్మనే దుమ్ముగా పొరబడుతుంది. ఈ పనిని వృత్తిగా చేసేవారికి ఇది తెలిసి ఉండవలసిన విషయం.

ఇక అసళ్లు. మీకు అప్పగించిన పాత ఆల్బమ్ నల్లని అట్ట పేజీలది. ఫోటోలను జిగురుతో అంటించకుండా నాలుగు మూలలకూ కాగితపు కార్నర్లు పెట్టి, పేజీకీ పేజీకీ మధ్య బటర్ పేపర్ వేసి నాన్నగారు స్వయంగా కూర్చినది. సముద్రం ఒడ్డున ఉన్న ఈ ఊళ్లో ఫోటోలకు బూజు పట్టకుండా కాపాడటం ఎంత కష్టమో మీకు చెప్పనక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకు మా ఇంటి కిటికీ అద్దాలు పగిలి గదుల్లోకి నీళ్లు వచ్చిన రోజున, అమ్మ ఈ ఆల్బమ్‌ను దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ ఆల్బమ్ ఇప్పుడు లేదు. పాతదైపోయిందని, దాని స్థానంలో కొత్తది ‘ఉచితంగా’ ఇచ్చామని మీ కౌంటరులోని ఉద్యోగి చెప్పారు. ఆ కొత్త ఆల్బమ్ పేజీలు జిగురు పూసి పైన ప్లాస్టిక్ పొర కప్పినవి. మా అసలు ప్రింట్లను మమ్మల్ని అడగకుండా ఆ జిగురు మీద అంటించారు. ప్రింట్ల వెనుక నాన్నగారు సిరా కలంతో ఊరు, తేదీ, ఎవరెవరు ఉన్నారో రాసి పెట్టారు. రసీదులో ఒప్పుకున్నప్పటికీ మీరు వెనుక భాగాలను స్కాన్ చేయలేదు, ఇప్పుడు ఆ అక్షరాలు జిగురుకు అంటుకుని ఉన్నాయి. ఒక ప్రింటును అంచు దగ్గర నెమ్మదిగా ఎత్తి చూస్తే కాగితం పొర చిరగడం మొదలైంది, వెంటనే ఆపేశాం.

నెగెటివ్‌లు ఒక్కటీ రాలేదు. మొదట అవి కవరులోనే ఉన్నాయన్నారు, తరువాత హైదరాబాదు యూనిట్‌లో ఉండవచ్చన్నారు, చివరకు స్కాన్ అయిపోయాక నెగెటివ్‌లతో పనేముందని ఫోనులో నన్నే ప్రశ్నించారు. మా వస్తువులను ఊరు దాటిస్తున్నట్టు మాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. ఇక పని సంగతి అంటే, ప్రింటు వెలిసిపోయినా, అంచు కోసుకుపోయినా, జిగురుకు చిరిగినా, వాటన్నిటికీ ముందున్న బొమ్మ నెగెటివ్‌లోనే ఉంటుంది. నాన్నగారి నీడ ఇప్పుడు చెక్కుచెదరకుండా ఉండగలిగిన చోటు అదొక్కటే.

నేను ఈ సంగతులు చెప్పినప్పుడు మీ ఉద్యోగి మర్యాదగానే మాట్లాడారు. అయితే ఆయన ఇచ్చిన సమాధానం, ఫోటోలు మునుపటికంటే ఎంతో అందంగా వచ్చాయని, ఎక్కువమంది ఖాతాదారులు ఇలాగే కోరుకుంటారని. కోరుకునేవారికి అలాగే చేసి ఇవ్వండి, అభ్యంతరం లేదు. పాత ఫోటోలు పట్టుకుని మీ దగ్గరకు వచ్చేవారిలో చాలామందికి సాఫ్ట్‌వేర్ ఏమేమి మారుస్తుందో తెలియదు, ఇంటికి వెళ్లి నాలుగు కాలాల పాటు దాచుకునేది ఆ మారిన బొమ్మనే. కనుక మార్చే ముందు అడగడం, మార్చని ప్రతిని తప్పనిసరిగా ఇవ్వడం మీ సంస్థ నియమంగా పెట్టుకోవాలని ఈ సందర్భంగా గట్టిగా కోరుతున్నాను.

మా విషయంలో మీరు చేయవలసినవి ఇవి. అన్నిటికంటే ముందు నెగెటివ్‌లు ఎక్కడ ఉన్నాయో లిఖితపూర్వకంగా తెలియజేసి, వాటిని కొరియరులో కాకుండా మీ మనిషి చేత మా ఇంటికి చేర్చాలి. పాత ఆల్బమ్ అట్టలు, పేజీలు ఏ స్థితిలో ఉన్నా వెతికించి ఇవ్వాలి. ప్రింట్లను జిగురు నుంచి విడదీసే పనిని, కాగితాల పరిరక్షణలో శిక్షణ పొందినవారి చేత, నా సమక్షంలో, మీ ఖర్చుతో చేయించాలి. అప్పటిదాకా మీ సిబ్బంది ఎవరూ వాటిని ముట్టుకోవడానికి నేను అంగీకరించను. ఆ తరువాత ముందు వెనుక భాగాలు రెండింటినీ, తెల్ల అంచులతో సహా, ఏ దిద్దుబాటూ లేకుండా, రసీదులో ఒప్పుకున్న ప్రమాణంలో మళ్లీ స్కాన్ చేసి ఇవ్వాలి. మా కుటుంబ సభ్యుల ముఖాలున్న మార్చిన ఫైళ్లను మీ కంప్యూటర్ల నుంచి తొలగించి, వాటిని మీ ప్రకటనల్లో గానీ ఇతరత్రా గానీ వాడలేదని రాసి ఇవ్వాలి. చెల్లించిన రుసుమును వాపసు చేయాలి. నెగెటివ్‌లు దొరకని పక్షంలో నష్టపరిహారం గురించి వేరుగా మాట్లాడవలసి ఉంటుంది.

ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా మీ నుంచి రాతపూర్వక సమాధానం రాకపోతే, 1915 నంబరులోని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేసి, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద సేవాలోపంగా పరిగణించవలసిందని కోరుతూ విశాఖపట్నంలోని జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్‌ను ఆశ్రయిస్తాను. మీ ప్రధాన కార్యాలయం వేరే ఊళ్లో ఉన్నప్పటికీ, ఫిర్యాదుదారు నివసించే చోటనే కేసు వేసే హక్కును ఆ చట్టం ఇస్తోంది. రసీదు నకలు, మీరిచ్చిన ఫైళ్ల నుంచి తీసిన ప్రింట్లు, నీడ ఉన్న అసలు ఫోటోను మా మేనల్లుడు చాలాకాలం క్రితం ఫోనుతో తీసిన నకలు ఈ లేఖకు జతపరుస్తున్నాను. పోల్చి చూడండి.

పగలు ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంటుంది గనుక, నెగెటివ్‌లు తెచ్చే వ్యక్తిని సాయంత్రం ఆరు గంటల తరువాత, ముందుగా ఫోను చేసి పంపించగలరు.

ఇట్లు,
మీ వినియోగదారు,
ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం.