ముక్కులో కొట్టే స్ప్రే అడిగితే సూదిమందు పంపారు!

గౌరవనీయ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఫిట్స్‌కు వాడే మిడాజోలామ్ స్ప్రే గురించి మేమిచ్చిన అర్జీలన్నీ తమరి పేషీలోనే ఉన్నాయి కాబట్టి మొదటినుంచీ చెప్పం. ప్రతి పీహెచ్‌సీకీ, ప్రతి 108 బండికీ స్ప్రే ఇస్తామన్నారు. తీరా వచ్చింది మిల్లీలీటరుకు 1 మి.గ్రా. ఉండే ఇంజెక్షన్. మందు అదే కదా అని మందుల స్టోర్ వారి జవాబు. పేరైతే అదే, కాదనం.

లెక్క చూడండి. 20 కిలోల బిడ్డకు కిలోకు 0.2 మి.గ్రా. చొప్పున 4 మి.గ్రా. పడాలి. మీరు పంపిన దాంట్లో అది 4 మి.లీ., అంటే ముక్కు ఒక్కో వైపు 2 మి.లీ. ముక్కు పొర ఒక్కో వైపు పీల్చుకోగలిగేది అర మిల్లీలీటరు, మహా అయితే ఒకటి. మిగతాదంతా గొంతులోకి జారుతుంది. కడుపులోకి పోతే సగానికి పైగా కాలేయమే తినేస్తుంది, దారి తప్పితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అదే మిల్లీలీటరుకు 5 మి.గ్రా. గాఢతదైతే 0.8 మి.లీ. చాలు, చెరో వైపు 0.4.

పోనీ ఆ గాఢతే వచ్చిందనుకుందాం. సిరంజితో పోస్తే ధారగా కారిపోతుంది. పొరంతా పరుచుకోవాలంటే తుంపరగా పడాలి, అందుకు సిరంజి కొసన అటామైజర్ బిగించాలి. దాంట్లోనే 0.1 మి.లీ. దాకా మందు నిలిచిపోతుంది గనుక ఆ మేరకు ఎక్కువ లాగాలి. మాకు కావాల్సినవి రాసి పంపే ఇండెంట్‌లో అటామైజర్ రాస్తే "లిస్టులో లేదు" అని కొట్టేశారు. గిలగిల కొట్టుకునే చేతిలో సూదిమందు ఎక్కించడానికి నరం దొరకదనే కదండీ మేం ముక్కు దారి అడిగింది!

స్ప్రే కొనేటప్పుడైనా చూసి కొనండి. నొక్కుకు 0.5 మి.గ్రా. పడే సీసాతో పెద్దవాళ్లకు 10 మి.గ్రా. ఇవ్వాలంటే 20 సార్లు నొక్కాలి. 1.25దైతే ఎనిమిది. కొత్త సీసాను ముందు గాల్లో నొక్కి తుంపర వస్తోందో లేదో చూడాలని కూడా సిబ్బందికి ఎవరూ చెప్పలేదు.

శిక్షణ కరపత్రంలో మాత్రం "ముక్కు నుంచి నేరుగా మెదడుకు" అని పెద్దక్షరాల్లో అచ్చేశారు. వాసన నాడుల దారి ఉన్న మాట నిజమే గానీ, ఈ మందు చాలావరకు ముక్కు పొరలోని రక్తనాళాల్లోంచే మెదడుకు చేరుతుంది. అందుకే ముక్కు చీమిడితోనో రక్తంతోనో నిండి ఉంటే ముందు సక్షన్ పెట్టి లాగేయాలి. మందు పడ్డాక ఊపిరి గమనిస్తూ ఉండాలి, చేత్తో నొక్కి ఊపిరి అందించే ఆంబు బ్యాగ్ పక్కనే ఉండాలి. కరపత్రంలో ఇవేవీ లేవు.

బయట కొనుక్కోమందామా? ఇది షెడ్యూల్ హెచ్1 మందు, అంటే డాక్టరు చీటీ చూసి, రిజిస్టర్‌లో రాసుకుని అమ్మాల్సింది. చీటీ ఉన్నా ఆ రిజిస్టర్ల గొడవ మాకెందుకని చాలా షాపులవాళ్లు అసలు తెప్పించడమే లేదు. ఫిట్స్ ఐదు నిమిషాలు దాటితే మందు పడాల్సిందే. ఆ ఐదు నిమిషాల్లో తల్లి ఏ ఊరికి పరుగెత్తాలో తమరే సెలవివ్వండి.

స్ప్రే పంపండి. లేదంటే మిల్లీలీటరుకు 5 మి.గ్రా. ఉండే ఇంజెక్షన్ ఆంప్యూల్‌తో పాటు అటామైజర్లు పంపండి. ఏదో ఒకటి, దయచేసి త్వరగా. వచ్చిన పెట్టెలు వెనక్కి తీసుకెళ్లి ఆపరేషన్ థియేటర్ ఉన్న ఆస్పత్రికి ఇవ్వండి, మత్తు డాక్టర్లకు పనికొస్తాయి. మా పీహెచ్‌సీల్లో థియేటర్లు లేవు.

ఇట్లు,
పీహెచ్‌సీ వైద్యులు, స్టాఫ్ నర్సులు, ఫార్మసిస్టులు