టికెట్ ధరతో పాటు తెర వెలుగునూ చూడండి, మంత్రిగారూ

ఆంధ్రప్రదేశ్ సినిమాటోగ్రఫీ శాఖ మంత్రిగారికి నమస్కారం.

పెద్ద సినిమా వచ్చినప్పుడల్లా టికెట్ ధర మీద జీవో వస్తుంది, దాని మీద రచ్చ జరుగుతుంది. ఆ టికెట్ కొన్నవాళ్లకి బొమ్మ సరిగ్గా కనబడుతోందా, మాట వినబడుతోందా అని మాత్రం ఎవరూ అడగరు. 2022 మార్చి జీవోలో హాళ్లను నాన్ ఏసీ, ఏసీ, స్పెషల్, మల్టీప్లెక్స్ అని విడగొట్టి రేట్లు కట్టారు. లైసెన్సు రెన్యువల్‌కు ఫైర్, కరెంటు తనిఖీలున్నాయి, ఉండాల్సిందే. కానీ వెలుగునూ శబ్దాన్నీ మీటరు పెట్టి కొలవగా మేం చూడలేదు.

డిజిటల్ సినిమాకు కొలత ఉంది. తెర మధ్యలో 14 ఫుట్‌లాంబర్ట్‌ల వెలుగు పడాలి (తెర వెలుగును కొలిచే యూనిట్ అది). సినిమాకు రంగులు దిద్దేది ఆ లెక్కమీదే. చాలా హాళ్లలో అంత పడదు, కారణం ప్రొజెక్టర్ లాంపు. జెనాన్ వాయువు నింపిన ఆ లాంపు ఒక్కసారిగా ఆరిపోదు, రోజురోజుకీ మందగిస్తుంది. నాలుగు ఆటలంటే రోజుకు సుమారు 12 గంటలు, వెయ్యి గంటలు మూడు నెలల్లోపే అయిపోతాయి. వెలుగుతోంది కదా అని లాంపుకు చెప్పిన గంటల గడువు దాటాక కూడా లాగిస్తే రాత్రి సీన్లు బురదలా కనిపిస్తాయి. లోపల వాయువు ఒత్తిడి మీద ఉంటుంది కాబట్టి లాంపు పేలి రిఫ్లెక్టర్ (దాని వెనకుండే అద్దం) కూడా పోవచ్చు. త్రీడీ కోసం వేసిన సిల్వర్ స్క్రీన్ మీదే మామూలు సినిమా వేస్తే మధ్యలో మెరుపు, అంచుల్లో చీకటి.

శబ్దం సంగతి ఇంకా అన్యాయం. డైలాగు వచ్చేది తెర వెనక ఉన్న సెంటర్ స్పీకర్ నుంచి. అది బయటికి రావడానికే తెరకు సన్నటి రంధ్రాలుంటాయి. ఏళ్ల తరబడి దుమ్ము పట్టి అవి పూడుకుపోతే ముందు దెబ్బతినేవి స, శ, ష లాంటి అక్షరాలు. ‘ఏమన్నాడు?’ అని పక్కవాళ్లని అడగడం అక్కడ మొదలవుతుంది. దీనికి తోడు ఫేడర్, అంటే హాల్లో శబ్దాన్ని పెంచే, తగ్గించే మీట. సినిమాకు మిక్సింగ్ (మాట, పాట, మోత కలపడం) జరిగేది ఫేడర్ 7 మీద. హోరు ఎక్కువైందని జనం గోల పెడితే ఆపరేటర్ 4కో 5కో దించుతాడు. ఆ తప్పు అతనిది కాదు, మిక్సింగ్‌లోనే మోత పెంచుతున్నారు. కానీ తర్వాతి వారం మెల్లగా మాట్లాడుకునే చిన్న సినిమా వచ్చినా ఫేడర్ అక్కడే ఉంటుంది. సౌండు బాలేదన్న చెడ్డపేరు ఆ సినిమాకి వస్తుంది.

కొలవడం ఒక్క పూట పని. లాంపును 15 నిమిషాలు వేడెక్కనిచ్చి, హాల్లో దీపాలు ఆర్పి, తెర మీద తెల్ల టెస్ట్ ప్యాటర్న్ వేసి, స్పాట్ మీటరుతో (ఒక్కో చోటి వెలుగును కొలిచేది) మధ్యలోనూ నాలుగు మూలల్లోనూ చూడాలి. అంతకుముందే ప్రొజెక్టర్ క్యాబిన్ అద్దం తుడవాలి, లేకపోతే నింద లాంపు మీద పడుతుంది. తర్వాత ఫేడర్ 7 మీద పెట్టి, తెర వెనక స్పీకర్లకు ఒక్కొక్కదానికీ పింక్ నాయిస్ (పరీక్ష కోసం వేసే హోరు) ఇస్తే 85 డెసిబెల్స్ రావాలి.

రేటు పెంచుకోవడానికి అనుమతి అడిగే ప్రతి హాలు నుంచీ ఈ రీడింగులు తీసుకోండి. లాంపు వేసిన తేదీ, నడిచిన గంటలు టికెట్ కౌంటర్ దగ్గర రాసిపెట్టించండి. చిన్న ఊళ్ల హాళ్లకు లాంపు ఖర్చే భారం కాబట్టి వాళ్లకు గడువూ, జెనాన్ లాంపు అక్కర్లేని లేజర్ ప్రొజెక్టర్‌కు మారడానికి తక్కువ వడ్డీ అప్పూ ఇప్పించండి. ముందు ఒక్క జిల్లాలో మొదలుపెట్టినా చాలు. మీటరు పట్టుకుని రావడానికి మేం సిద్ధం.

ఇట్లు,
కొందరు ప్రొజెక్షన్ ఆపరేటర్లు, ప్రేక్షకులు